బుగ్గ మీద సున్నా

మంగళగిరిలో దేవుడు కొండ మీద వెలిస్తే, రాఘవమ్మగారింట్లో ఫోటో గోడ మీద వెలిసింది. రంగు పోని చీరలు నేసే ఇంట్లోనే, కూతురు దుర్గ ఏడాది పిల్లప్పటి ఒక్కగానొక్క ఫోటో ఎండ తగిలి తెల్లకాగితానికి చుట్టమైపోయింది. చిన్నప్పుడు తానెలా ఉండేదో చూడాలని దుర్గకు ఒకటే ఆశ. అదెంత పని అనేశాడు కొత్త మొగుడు మణికుమార్.

అతను బెజవాడలో ప్రోగ్రాములు రాస్తాడు. ఆదివారం భార్యనూ అత్తగారినీ ఆఫీసుకు తీసుకెళ్లి ఫోటో స్కాన్ చేశాడు. కంప్యూటర్‌కు బొమ్మంటే అంకెల గళ్లేననీ, సున్నా అంటే కటిక నలుపనీ, రెండువందల యాభై ఐదంటే మల్లెపూవు తెలుపనీ, ఈ గళ్ల పేరు మాట్రిక్స్ అనీ చెప్పి, "ఇక మా ట్రిక్స్ చూడండి" అన్నాడు. గళ్లన్నిట్లో కనిష్ఠం, గరిష్ఠం పట్టుకుని, ఒకదాన్ని నలుపు కొసకూ ఇంకోదాన్ని తెలుపు కొసకూ లాగితే, మధ్యలో ఇరుక్కున్న ఛాయలన్నీ విడివడి బొమ్మ తేటపడుతుందట.

లాగాడు. బొమ్మ కదల్లేదు, మెదల్లేదు. కనిష్ఠం అప్పటికే సున్నా, గరిష్ఠం రెండువందల యాభై ఐదు, ఇక లాగడానికి చోటేదీ అంటోంది కంప్యూటర్. ఇంత పాలిపోయిన ఫోటోలో కటిక నలుపెక్కడిది? తప్పు తనదేనేమోనని ప్రోగ్రామంతా తిరగేశాడు. భార్య ముందు పరువు కూడా కనిష్ఠానికి దిగింది. చివరికి ఆ సున్నా ఏ గడిలో ఉందని అడిగితే, కంప్యూటర్ పాప ఎడమ బుగ్గ మీది ఆవగింజంత చుక్కను చూపించింది.

"దిష్టిచుక్కండీ అది," అంది రాఘవమ్మ. ప్రతి అమావాస్యకూ ఫోటో మీద కొత్త కాటుక పెడుతూ వచ్చిందట. అత్తగారి చుక్క అల్లుడికి చుక్కలు చూపించింది.

"చెరిపేస్తానండి, అత్తయ్యగారూ."

"చెరిపితే ఒప్పుకోను అల్లుడుగారూ. అది నా పిల్ల బుగ్గ."

చేసేది లేక, ఆ చుక్కను దాని మానాన వదిలేసి, మిగతా గళ్లలోనే కనిష్ఠం వెతకమన్నాడు. ఈసారి నూట నలభై ఎనిమిది దొరికింది. మళ్లీ లాగాడు.

తెర మీద దుర్గ విచ్చుకుంది. చింపిరి జుట్టు, రెండే పళ్లు, ఎవరి మీదో అలక. చుక్క చెక్కుచెదరలేదు. దుర్గ తన మొహం తాను చూసుకుని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగింది. పాప కుర్చీ వెనక, ఇన్నాళ్లూ ఒట్టి తెలుపనుకున్న చోట, పరదా చాటున వంగి పాప నడుం పట్టుకున్న పడుచుపిల్ల ఒకతె తల బయటపెట్టి నవ్వుతోంది.

పిల్ల పడిపోకుండా వెనక దాక్కుని పట్టుకోమని స్టూడియోవాడు చెప్పాడనీ, ఉండబట్టలేక తొంగిచూశాననీ రాఘవమ్మ ఒప్పుకుంది. అల్లుడి ముందు సిగ్గేసి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. దుర్గ ఆ కొంగు లాగేసింది.

"మళ్లీ దాక్కుంటావేంటే అమ్మా. ఈ వయసులో నిన్ను నేనెప్పుడు చూశాను? ఉండు, తనివితీరా చూడనీ."