ఫోనుతో బేరం

చింతపండు వ్యాపారి ఉమామహేష్ ఫోను నెల రోజులుగా జపాన్ భాషలో ఉంది. కిరందుల్ ఇనుప గనుల కాలనీలో ఉండే మేనల్లుడు వినోద్ అలా మార్చి ఇచ్చాడు.

"మావయ్యా, రోజుకు వందసార్లు ఫోను చూస్తావు. చూసినప్పుడల్లా ఒక మాట వంటబడుతుంది. ఫీజు లేదు, మాస్టారు లేడు."

ఫీజు లేదన్నది ఉమామహేష్‌కు నచ్చింది. కిరందుల్ కొండలో ఇనుమే ఓడెక్కి జపాన్ పోతుంటే తన చింతపండు పోకూడదా? మధ్యలో దళారీ లేకుండా తానే మాట్లాడి అమ్మాలని లెక్క వేసుకున్నాడు.

నెల తిరిగేసరికి ముప్ఫై ఒక్క మాటలు వచ్చాయి. తొలగించు, వెనక్కి, చోటు చాలదు, అనుమతి... ఇలాంటివే. వాటితో సరుకు అమ్మడం కష్టం గానీ, తగాదా పెట్టుకోవడానికి సరిపోతాయి.

ఆ రోజు ఉసూర్ ఊరి అవతల కొత్త కల్లంలో సరుకంతా ఆరుబయట కుప్పపోసి ఉంది. మబ్బు ముసిరింది. తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టినట్టే. బీజాపూర్ నుంచి లారీ తెస్తున్న దేవేంద్ర ఫోను చేశాడు.

"సేట్, బాట మూడుగా చీలింది. లొకేషన్ పంపు. చినుకు పడిందా, ఈ మట్టిలోకి బండి దించను."

ఉమామహేష్ గుండుసూదిలాంటి లొకేషన్ గుర్తు నొక్కాడు. తెర మీద ప్రశ్న వచ్చింది: నువ్వున్న చోటు తెలుసుకోవడానికి అనుమతిస్తావా? నెల చదువు ఫలించింది, విషయం తెలిసిపోయింది. కానీ ముప్ఫై ఏళ్ల సంతల్లో ఏనాడూ మొదటి మాటకు సరేనన్న మనిషి కాదు. వద్దని నొక్కాడు. మళ్లీ గుర్తు నొక్కితే ఫోను మళ్లీ అడిగింది. దిగొస్తోందనుకుని మళ్లీ వద్దన్నాడు. మూడోసారి మెత్తబడదామని చూశాడు. ఫోను మూడోసారి అడగలేదు. సెట్టింగుల్లోకి వెళితే ఆ ముప్ఫై ఒక్కటిలో లేని మాటలే పేజీలకు పేజీలు.

తూకానికి చింతపండు తెచ్చిన బుధ్రి అంతా చూస్తోంది.

"ఏంది సావుకారూ, ఫోనుకు మొక్కుతున్నవా?"

"లొకేషన్ పోవట్లేదే!"

బుధ్రికి ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. అంకెలు, బొమ్మలు గుర్తుపట్టి తన ఫోను నడుపుతుంది.

"ఈ సూది బొమ్మనే గద! డ్రైవరు నంబరు చెప్పు, నేను పంపుత. నా రెండు బస్తాలు నీ లారీల బీజాపూర్ చేర్చు. ఆడ నేనే అమ్ముకుంట."

"చేరుస్తా."

బుధ్రి వేలు గాల్లోనే ఆగింది. పదేళ్లుగా అతనికి సరుకు అమ్ముతోంది. ఒక్క మాటకు ఒప్పుకున్నాడంటే తాను తక్కువ అడిగినట్టే.

"ఈ హుంగే అక్కవి గూడ నాలుగు బస్తాలున్నయ్."

"అవీ ఎక్కించు."

"ముందు సీటుల నేను, అక్క కూసుంటం."

ఉరిమింది.

"కూర్చో తల్లీ, ముందు నొక్కు!"

లారీ వచ్చింది. ఆరు బస్తాలు ముందుగా ఎక్కి నడిమధ్యన చేరాయి. ఉమామహేష్ సరుకు వాటి చుట్టూ సర్దుకుంది. అతను వెనక టార్పాలిన్ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"బీజాపూర్‌ల చింతపండు ఎట్ల కొంటున్నరు, దేవేంద్రా?" క్యాబిన్ లోంచి బుధ్రి గొంతు వినిపించింది.

ఇన్నేళ్లుగా ఉమామహేష్ ఎవరికీ చెప్పని ధరను, దేవేంద్ర మొదటి మలుపు తిరిగేలోపే, పైసలతో సహా చెప్పేశాడు.