గురువారం ఒంటిగంటకి

"టికెట్టు కొననంటే కొనను" అన్నాను.

గేటు దగ్గర పసుపుపచ్చ కోటు వేసుకుని నిలబడినాయన నా మొహం వంక ఓసారి, నా వెనక పెరుగుతున్న వరస వంక ఓసారి చూసి నిట్టూర్చాడు.

"ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళకే ఉచితమమ్మా. నీ కార్డులో టూరిన్ అని ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

"నేను పుట్టింది ఇక్కడ. పెళ్ళి చేసుకుంది ఇక్కడ. ఈ ఇవ్రెయాలో నారింజలు విసిరి విసిరి నా భుజం కీలు అరిగిపోయింది. చూస్తావా?"

"వద్దు తల్లీ."

"దొర ఆగడానికి తల వంచని పిండిమర ఆయన కూతురి పేరు మీద కదయ్యా ఈ పండగ! ఆ పిల్లే ఇవాళ లేచొస్తే దాన్నీ టికెట్టు అడిగేట్టున్నావే!"

"కార్డులో ఈ ఊరు లేకపోతే అడుగుతాను" అన్నాడాయన. పాపం, ఆయన తప్పు లేదు. ఆయనకిచ్చిన పని ఆయన చేస్తున్నాడు. కానీ నాకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. ఒళ్ళు మండితే నాకు ఎదుటివాడి తప్పూ ఒప్పూ కనపడవు. మా అమ్మకీ కనపడేవి కావట.

తెక్లా నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. తెక్లా, నేనూ టూరిన్‌లో ఒక ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేస్తాం. మా పండగ ఎప్పుడూ చూడలేదంటే వెంటపెట్టుకొచ్చాను. "పైసా ఖర్చు లేకుండా పండగ చూపిస్తానే" అని కోతలు కోసింది నేనే. అన్నిటికంటే నెమ్మదిగా నడిచే, అన్నిటికంటే చవకైన పాసింజరు ఎక్కించాను. ఉల్లిపాయ గుడ్డట్టు రొట్టెల మధ్య పెట్టి మూట కట్టాను, ఫ్లాస్కులో కాఫీ పోశాను. దిగగానే స్టేషను ఇవతలి పేటలో, పెద్ద గుండిగల్లో రాత్రంతా పంది కొవ్వుతో ఉడికిన చిక్కుడుగింజలు అందరికీ పంచుతుంటే దానికి రెండు గిన్నెలు తినిపించాను. అది మూతి తుడుచుకుంటూ, "ఇంకేం కావాలే, ఇలాగే ఇంటికెళ్ళిపోయినా పండగే" అంది. అంతవరకూ బాగానే ఉంది. అక్కడినుంచి నాలుగడుగులేసి గేటు దగ్గరికొచ్చేసరికి ఇదీ వరస.

"ఒసేయ్ మొండిఘటమా, నీదీ నేనే కొంటాను. రెండు పూటలు కాఫీ తాగడం మానేస్తే సరిపోతుంది" అంది తెక్లా.

"డబ్బు కాదే."

"డబ్బు కాకపోతే మరేంటి? టికెట్టంటే డబ్బే కదా!"

"చూడ్డానికి వచ్చినవాళ్ళు కొంటారు టికెట్టు. నేను చూడ్డానికి రాలేదు. విసరడానికొచ్చాను."

అదీ సంగతి. నా మొగుడు ఒరెస్తె పోయిన శరత్కాలంలో పోయాడు. ఊళ్ళో మేం అద్దెకున్న ఇంటి యజమాని ఇల్లు అమ్ముకుంటే, పని దొరికిన చోటని టూరిన్ చేరాం. అక్కడే పోయాడు. బతికినన్నాళ్ళూ 'కందిరీగలు' జట్టులో ఆడాడు. నేలమీద నిలబడి, తలకి ఏ రక్షణా లేకుండా, గుర్రపు బండ్ల మీద వచ్చే దొర సైన్యం మీదికి నారింజలు విసిరే జట్టు మాది. జట్టులో ఎవరైనా పోతే మాకో పద్ధతుంది. ఆ ఏడాది ఆదివారం, మా చౌకులోకి మొదటి బండి రాగానే, మొదటి నారింజ పోయినవాడి ఇంటివాళ్ళు విసరాలి. అది పడ్డాకనే మిగతావాళ్ళు చెయ్యెత్తుతారు. ఒరెస్తె నారింజ నేను విసరాలి.

ఇప్పుడు జట్టు పెద్ద లివియో, ఒరెస్తెకి చిన్నాన్న కొడుకు. వారం కింద ఫోను చేశాడు.

"ఆదివారం తప్పకుండా రా వదినా. మొదటి నారింజ నీదే. గేటు దగ్గర టికెట్టు తీసుకుని లోపలికొచ్చెయ్."

"టికెట్టా?"

"రూలు కదా వదినా. నువ్విప్పుడు టూరిన్ మనిషివి. ఎంతని, అదేమన్నా పెద్ద లెక్కా? ఒకటి విసిరెయ్, తరవాత ఎర్ర టోపీ పెట్టుకుని ఓ పక్కన నిలబడు. నీకు దెబ్బ తగలకూడదు కదా."

ఎర్ర టోపీ! అది పెట్టుకుంటే 'నన్ను కొట్టకండి బాబూ' అన్నట్టు. చుట్టాలకి, చంటిపిల్లల తల్లులకి, తెక్లా లాంటివాళ్ళకి అది మర్యాదే. నేను పెద్ద మనిషినయ్యాక యుద్ధం రోజు అది నా నెత్తికెక్కలేదు. వీడు, నా చేతి వంట తిని పెరిగినవాడు, ఒరెస్తె పక్కన నిలబడి విసరడం నేర్చుకున్నవాడు, నాకు టోపీ పెట్టుకోమని చెప్తాడా! ఫోను పెట్టేశాను. పెట్టేశానేగానీ, రాకుండా ఎలా ఉంటాను?

ఇంకో మాట కూడా చెప్పాలి. మా పండగ ఆఖరి రోజు విడిపోయేటప్పుడు మేం 'వెళ్ళొస్తాం' అనం. 'గురువారం ఒంటిగంటకి' అంటాం. మళ్ళీ ఏడాది పండగ మొదలయ్యే గురువారం అన్నమాట. అప్పటిదాకా బతికుందాం, అక్కడే కలుద్దాం అని. ఆస్పత్రిలో ఒరెస్తె చివరగా నా చెయ్యి పట్టుకుని ఆ మాటే అన్నాడు. ముందు పన్ను లేదు కనక ఈలలా వచ్చింది. మంచం పక్కనున్న నర్సు పాపం టూరిన్ పిల్ల. "గురువారం ఒంటిగంటకా? ఏ డాక్టరు రమ్మన్నాడండీ?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చాను. సాయంత్రానికి పోయాడు.

ఆ మనిషి నారింజ విసరడానికి నేను టికెట్టు కొనుక్కుని, చూడవచ్చినదాన్నై లోపలికెళ్ళాలా? చచ్చినా వెళ్ళను.

"అయితే ఇక్కడే నిలబడి ఏం సాధిస్తావు?" అంది తెక్లా. "ఆ లివియోగాడు నీ బదులు తనే విసిరేస్తాడు. అప్పుడు హాయిగా ఉంటుందా?"

ఆ మాట సూదిలా దిగింది. అది అబద్ధం కాదు. గేటు అవతల డప్పులు మొదలయ్యాయి. ఇంకాసేపట్లో బండ్లు లోపలికెళ్తాయి.

"నువ్వెళ్ళు" అన్నాను. "టికెట్టు కొనుక్కో, టోపీ పెట్టుకో, మా చౌకు గోడవార నిలబడు. నేనొస్తాను."

"ఎలా వస్తావే? ఎగిరొస్తావా?"

"ఎలాగో ఒకలా వస్తాను. పో!"

అది సణుక్కుంటూ వెళ్ళింది. నేను గేటు పక్కన కంచె పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్తున్నాను, ఎలా వెళ్ళాలో నాకూ తెలీదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే అనుకోండి.

అప్పుడే నా వెనక గుర్రాల గంటలు వినపడ్డాయి. బండ్లు ఒక్కొక్కటే గేటులోంచి పోతున్నాయి. వాటినెవరూ టికెట్టు అడగరు. దొర సైన్యం కదా! మూడో బండి నా పక్కకొచ్చి ఆగింది. పైనుంచి ఒకాయన తోలు ముసుగు పైకెత్తి నా వంక వంగి చూశాడు. తెల్ల మీసాలు, ఉబ్బిన బుగ్గలు.

"ఒరెస్తె పెళ్ళానివి కదూ? గేటు బయట ఏం చేస్తున్నావమ్మా?"

బత్తిస్తా. మా ఆయన ముందు పన్ను ఊడగొట్టింది ఈ మనిషే. పెళ్ళయిన కొత్తలో, బండి మీంచి కొట్టిన నారింజ సూటిగా వచ్చి నోటికి తగిలింది. ఆ సాయంత్రం రక్తం ఉమ్ముకుంటూనే ఒరెస్తె బండి దగ్గరికెళ్ళి ఇతనికి చెయ్యిచ్చాడు. "ఏం గురయ్యా నీది!" అన్నాడట. ఆ పన్ను మళ్ళీ కట్టించుకోలేదు. కట్టించుకోమంటే, "ఇది బత్తిస్తా సంతకం, చెరిపేస్తే ఎలా?" అనేవాడు. ఏటా పండగకి ఇతను మాకు సాసేజిల దండ పంపేవాడు. టూరిన్‌కీ పంపాడు.

జరిగింది చెప్పాను. 

"లివియో టికెట్టు కొనుక్కోమన్నాడా?" అన్నాడు బత్తిస్తా. "ఒరెస్తె పెళ్ళాన్నా?"

"ఎర్ర టోపీ కూడా పెట్టుకోమన్నాడు."

బండిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి గొల్లున నవ్వారు, నన్ను చూసి కాదు. బత్తిస్తా కింద తడిమి ఒక మందపాటి కోటు, తోలు ముసుగు తీసి నా మీదికి విసిరాడు. "మావాడొకడు జ్వరంతో మంచమెక్కాడు. తొడుక్కో."

"నేనా? దొర బండి మీదా? నేను కందిరీగనయ్యా!"

"అయితే టికెట్టు కొనుక్కో."

ఎంత మాటన్నాడు! కోటు తొడుక్కున్నాను. అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. ఎవరివో మూడు చేతులు నన్ను పైకి లాగాయి. "ముందే పేరు రాయించుకోనివాళ్ళు బండి ఎక్కకూడదేమో?" అన్నాను. "ముసుగు వేశాక ఎవరు ఎవరో ఎవడికి తెలుసు?" అని ముసుగు నా తల మీద దబ్బున దించాడు బత్తిస్తా.

గేటు దగ్గర పసుపు కోటాయన బండికి దారిస్తూ చెయ్యూపాడు. నేనూ ఊపాను.

ముసుగులో పాత చెమట కంపు, పొగాకు కంపు. ఇనప జాలీలోంచి మా ఊరు ముక్కలు ముక్కలుగా కనపడింది. నేను పాలు కొన్న కొట్టు, వంతెన పిట్టగోడ, మా పాత ఇంటి కిటికీ, దానికి ఎవరిదో కొత్త తెర. ఇన్నేళ్ళొచ్చినా ఈ వీధిని ఇంత ఎత్తునుంచి ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ కిందే కదా నిలబడ్డాను. చెయ్యి చాచి బండిలో కుప్పపోసిన నారింజల్లో ఒకటి ఏరుకున్నాను. చిన్నది, గట్టిది. మెత్తటిది నాకు నచ్చదు.

మా చౌకులోకి మలుపు తిరిగాం. ముందెళ్ళిన రెండు బండ్లూ వేరే చౌకులకి మళ్ళాయి, ఇక్కడికి మాదే మొదటి బండి. నలుపూ పసుపూ చొక్కాలతో కందిరీగలన్నీ బారులు తీరి ఉన్నాయి. ఎవరూ చెయ్యెత్తలేదు. డప్పులు ఆగాయి. గోడవార తెక్లా ఎర్ర టోపీతో నలుదిక్కులా నాకోసం వెతుకుతోంది. మధ్యలో ఒక పీట మీద లివియో, చేతిలో రిబ్బను కట్టిన నారింజ. అది ఒరెస్తెది.

"మా అన్నయ్య ఒరెస్తె కోసం మొదటి నారింజ" అని గొంతెత్తాడు లివియో. "వదిన వస్తుందనుకున్నాం. పాపం, ఆవిడకి వీలుపడలేదు. ఇప్పుడు టూరిన్‌లో ఉంటోంది, దూరం కదా. అందుకని ఆవిడ బదులు నేనే..."

వీలుపడలేదా! దూరమా!

నేను విసిరాను. దుప్పట్ల మూటలు ఎత్తిన చెయ్యి ఇది, భుజం అరిగినా గురి అరగలేదు. నారింజ సూటిగా వెళ్ళి లివియో నుదురు మీద పగిలింది. రసం కళ్ళలోంచి మీసంలోకి కారింది. చౌకంతా కొయ్యబారిపోయింది. దొర బండి నుంచి ముందు నారింజ పడటం మా పెద్దలు కూడా ఎరగరు.

"ఎవడ్రా అది?" అని అరిచాడు లివియో. "పద్ధతి తెలీదా? అది మా అన్నయ్య నారింజరా, వెధవా!"

"మీ అన్నయ్య నారింజేరా!" అని అరిచాను. ముసుగులో నా గొంతు నాకే గింగురుమంది. "మీ అన్నయ్య పెళ్ళాం విసిరింది! ఇప్పుడు టికెట్టు చూపించమంటావా?"

 గోడ దగ్గర్నుంచి తెక్లా, "అదే! మా ఓర్నెల్లాయే! వచ్చింది ముండ!" అని గెంతులేసింది. కందిరీగల్లో ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు బారంతా పాకింది. లివియో కళ్ళు తుడుచుకున్నాడు, నా వంక చూశాడు, చేతిలో రిబ్బను నారింజ వంక చూశాడు. వాడికేం చెయ్యాలో తెలీలేదు. నాకు తెలుసు.

"ఏంట్రా అలా గుడ్లప్పగించి చూస్తారు?" అన్నాను. "మొదటిది పడింది కదా! కొట్టండి! నామీద జాలిపడ్డవాణ్ణి నేను బతికుండగా క్షమించను!"

కొట్టారు. అమ్మో, ఎలా కొట్టారు! ఒక్కడు వదల్లేదు. పెళ్ళిలో నాకు గౌను తొడిగిన ముసలమ్మ కూడా కొట్టింది. కోటు మీద, ముసుగు మీద, వేళ్ళ మీద దబదబా పడ్డాయి. నేనూ రెండు చేతులా విసిరాను. ఆ ముసుగులో వెక్కి వెక్కి ఏడ్చాను, ఎవరికీ కనపడలేదు. ఒరెస్తె పోయాక మనసారా ఏడ్చింది అప్పుడే. పక్కన బత్తిస్తా, "ఎడమపక్క, ఎడమపక్క చూసుకో!" అని అరుస్తూనే ఉన్నాడు.

బండి చౌకు దాటుతుంటే లివియో పక్కనే పరిగెత్తుకుంటూ వచ్చి చెయ్యి పైకి చాచాడు. నుదురు బొప్పి కట్టింది. మాలో దెబ్బలాట అయ్యాక ఎవరైనా చెయ్యి చాస్తే కాదనకూడదు. పట్టుకున్నాను.

"తప్పయిపోయింది వదినా. వచ్చే ఏడాది నిన్ను మళ్ళీ జట్టులో నేనే చేర్పిస్తాను. టికెట్టూ గికెట్టూ ఏమీ అక్కర్లేదు."

"నాకు ఈ బండిలో చోటుంది."

"దొర బండిలోనా? అన్నయ్య వింటే ఏమంటాడు?"

"గురి చూసి కొట్టమంటాడు."

"నన్నడిగావా?" అన్నాడు వెనకనుంచి బత్తిస్తా.

"అడగాలా?"

"అక్కర్లేదులే."

గుర్రాలు ఊపందుకున్నాయి. లివియో చెయ్యి జారిపోయింది. మామూలుగా ఆ మాట మంగళవారం ఆఖర్న అనాలి. కానీ మంగళవారం నాకు ఆస్పత్రి దుప్పట్లున్నాయి, సెలవు ఇవ్వరు. అందుకని ముసుగు పైకెత్తి, నారింజ రసం కారుతున్న నా చౌకు వంక తిరిగి, గొంతు చిరిగేలా అరిచాను.

"గురువారం ఒంటిగంటకి!"

కందిరీగలన్నీ ఒక్క గొంతుతో తిరిగి అరిచాయి. ఈసారి ఏ డాక్టరని ఎవరూ అడగలేదు.