ఎర్ర దీపం కుడివైపున

ఆ కార్డులో బొమ్మ తప్పని చెప్పడానికి ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు నా బల్ల దగ్గర ఆగుతారు. ఎక్కువగా సొంత పడవ ఉన్న పెద్దమనిషే అయ్యుంటాడు. కళ్లజోడు పైకి నెట్టుకుని, రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర దీపం ఎడమ పక్కన కదమ్మా ఉండాలి అంటాడు. అవును నాయనా, నేను పుట్టిందే ఈ రేవు గట్టున, నాకు తెలియకనా అని నోటిదాకా వస్తుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అయినా ఈ ఒక్క కార్డు విషయంలో ఎవరినీ ఏమీ అనను. అది ఎలా తప్పయిందో, ఎందుకు దిద్దలేదో చెప్తాను.

నా పేరు ఎల్స్పెత్. మాది స్కాట్లండ్ తూర్పు తీరాన కిల్‌మారీ అనే చిన్న ఊరు. లినో అనే మెత్తటి పలక మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కార్డుల మీదా చొక్కాల మీదా అచ్చు వేసి అమ్ముతాను. పీతలు, సముద్రపు పిట్టలు, వలలు బాగుచేసుకునే ముసలాళ్లు, ఇవే నా బొమ్మలు. చొక్కా మీద అచ్చు వేయాలంటే పలకను బోర్లించి, దాని మీద చెక్క పెట్టి, ఎక్కి నిలబడాలి. నా ఒళ్లు పనికొచ్చేది ఆ ఒక్కదానికేనని పక్క ఇంటి మైసీ ఎగతాళి. ఆవిడ మిఠాయి చేసి నా పక్క బల్ల మీదే అమ్ముతుంది. మేమిద్దరం తిట్టుకోని రోజు లేదు, కలిసి టీ తాగని రోజూ లేదు.

నా భర్త ఫెర్గస్ పీతలు పట్టే బుట్టలు సముద్రంలో వేసేవాడు. కొన్నేళ్ల కిందట ఫిబ్రవరిలో పెద్ద అల ఒకటి పక్కనుంచి కొట్టి అతని పడవ మునిగిపోయింది. లైఫ్‌బోట్ వాళ్లు వెళ్లి నీళ్లలోంచి లాగారు. సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే ఊరివాళ్లే వాళ్లు, ఎవరూ జీతానికి చేసేవాళ్లు కారు. ఒకడు వడ్రంగి, ఒకామె బడిపంతులమ్మ. పడవ నడిపే గ్రెగర్‌కు రొట్టెల కొట్టు ఉంది. ఆపద కబురు తెచ్చే పేజర్ నడుము దగ్గర మోగితే పిండి చేతులతోనే పరుగెత్తుతాడు. అలా పరుగెత్తబట్టే నా మనిషి నాకు దక్కాడు. బతుకు జీవుడా అనుకున్నాను.

దక్కాడు గానీ నోరు కట్టేసుకున్నాడు. రేవు వైపు వెళ్లడం మానేశాడు. రొట్టె కొనడానికి కూడా నన్నే పంపేవాడు. గ్రెగర్ ఎదురైతే ఏమనాలో తెలియదన్నాడు ఒకసారి, అంతే. అదీ నిజమే. మా ఊళ్లో లైఫ్‌బోట్ వాళ్లకు కృతజ్ఞత చెప్పడం మాటలు కాదు. చెప్పబోతే వాళ్లు బూట్ల వైపు చూసుకుంటారు, గాలి ఎటు తిరిగిందో చెప్తారు, మన మాట గొంతులోనే ఉండిపోతుంది. ఫెర్గస్ గొంతులో అది చేపముల్లులా అడ్డం పడింది. తిండి సరిగా తినడు, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాడు. ఒక్కసారి వెళ్లి గ్రెగర్ ముందు నిలబడితే గానీ ఈ మనిషి మళ్లీ మనిషి కాడని నాకు తెలిసిపోయింది.

ఏటా జూన్‌లో మా రేవులో లైఫ్‌బోట్ పండుగ జరుగుతుంది. ఆ రోజు పడవ వాళ్లందరూ ఒకే రకం చొక్కా వేసుకుంటారు. ఆ ఏడు చొక్కాలు నేనే కానుకగా ఇస్తానని, అదే బొమ్మతో కార్డులు వేసి అమ్ముతానని గ్రెగర్‌కు చెప్పాను. ఫెర్గస్ నోటితో చెప్పలేనిది నా చేత్తో చెప్పిద్దామని, అది చూసైనా ఆ రోజు అతను రేవుకు వస్తాడని నా ఆశ.

ఏం బొమ్మ వేయాలో వెతుక్కోనక్కర లేకపోయింది. ఫిబ్రవరిలో గట్టు మీద నిలబడి నేను దేనికోసం చూశానో అదే. పడవ ఇంటికి వస్తోంది, దాని వెనక సముద్రం మీదనుంచి చూస్తున్నట్టు. అటూ ఇటూ రేవు గోడలు. ఎడమ గోడ చివర ఎర్ర దీపమున్న బురుజు, కుడి గోడ చివర ఆకుపచ్చ దీపమున్న ఇనప స్తంభం. వాటి మధ్య మన వైపు వీపు పెట్టి పడవ. ఊరు చెక్కడానికి చేయి రాలేదు. అక్కడ తెల్లటి వెలుతురు మాత్రం వదిలేశాను, ఇల్లంటే అంతే కదా అని.

మామూలుగా నేను బొమ్మను పల్చటి కాగితం మీద గీసి, దాన్ని తిప్పి పలక మీద వేస్తాను. పలక మీద ఎడమన చెక్కింది అచ్చులో కుడివైపు పడుతుంది మరి. ఈ పని నేర్చుకునేవాళ్లకు మొదటి రోజు చెప్పే సంగతి ఇది. కానీ ఈ బొమ్మకు కాగితం అడ్డమనిపించింది. నేరుగా పలక మీదే గీసేశాను, ఏడుస్తూ చెక్కేశాను. అచ్చు వేసేటప్పుడు నేను చూసేది రంగు సమంగా పడిందా లేదా అని. బురుజు మీద ఎర్ర చుక్క, స్తంభం మీద పచ్చ చుక్క అద్దుకుంటూ పోయాను. బురుజు ఎటువైపు ఉందో చూసిన పాపాన పోలేదు.

పండుగ రేపనగా మైసీ టీ పట్టుకుని నా షెడ్డులోకి వచ్చింది. తాళ్ల మీద బూడిదరంగు చొక్కాలు వరసగా ఆరుతున్నాయి. చాలాసేపు చూసింది. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటమే అపశకునం.

"ఎల్స్పెత్, దీన్ని నమ్ముకుని రేవులోకి వచ్చినవాడు పొద్దుటి టిఫిన్ రాళ్ల మీదే చేస్తాడే," అంది.

అప్పుడు చూశాను. నా తల తీసేసినట్టయింది. ఎర్ర దీపం కుడివైపున ఉంది. ఊరు ఊరంతా సముద్రం మీద బతికేవాళ్లు. పసిపిల్లలు కూడా వేలెత్తి చూపిస్తారు. ప్రాణం పోసినవాళ్లకు నేనిచ్చే కానుక ఇదా! చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, మళ్లీ చెక్కి, అచ్చు వేసి, ఆరబెట్టే వ్యవధి లేదు. అన్నీ పొయ్యిలో పెడతానని లేచాను. మైసీ అడ్డం నిలబడింది. ఇద్దరం తిట్టుకుంటూ ఉండగా చొక్కాలు తీసుకెళ్లడానికి గ్రెగర్ వచ్చాడు.

అతను చూశాడు. మీసం కింద నవ్వు దాచుకోవడానికి నానా తంటాలు పడ్డాడు.

"ఏం ఫరవాలేదులే ఎల్స్పెత్. తొడుక్కుని అద్దం ముందు నిలబడితే సరిగ్గానే కనిపిస్తుంది."

జాలిపడి తీసుకోనక్కరలేదని కసిరాను. అతను వినలేదు. పడవ వాళ్ల చొక్కాలన్నీ మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వెనకే ఫెర్గస్ భోజనానికి పిలవడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి బల్ల మీది కార్డుల వైపు చూశాడు. ఒకటి తీసి, కిటికీ వెలుగులో పెట్టి చూసి, జేబులో పెట్టుకున్నాడు. అదనంగా వేసిన చొక్కా ఒకటి తాడు మీదే ఉంది, దాన్ని చూసే ఓపిక కూడా లేక వదిలేశాను.

మర్నాడు పండుగలో ఎవరి నోరూ ఊరుకోలేదు. ఈ కార్డు పంపితే తిరిగి పంపినవాడికే వస్తుందా అని ఒకడు, నీ పీతలు ముందుకు నడుస్తాయా అని ఇంకొకడు. నవ్వుతూనే కొన్నారు, అది వేరే సంగతి. పడవ వాళ్లు మాత్రం ఆ చొక్కాలు వేసుకుని దర్జాగా తిరిగారు. నేను తల వంచుకుని కార్డులు అమ్ముకున్నాను. మైసీ నా మోచేతిని పొడిచింది. తలెత్తి చూస్తే ఫెర్గస్.

తాడు మీద మిగిలిన చొక్కా వేసుకున్నాడు. జనం పక్కకు తప్పుకుంటుంటే నేరుగా గ్రెగర్ వైపు నడిచాడు. దగ్గరికి వచ్చాడు, నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పేజర్లు మోగాయి.

చేతిలో టీ కప్పులు ఎక్కడివక్కడ పడేసి పడవ వాళ్లు పరుగెత్తారు. ఇన్నాళ్లకు కూడగట్టుకున్న ధైర్యం నీరుగారి, ఈ మనిషి ఇప్పుడు ఇంటి దారి పడతాడనుకున్నాను. పట్టలేదు. నా పక్కకు వచ్చి గట్టు చివర నిలబడ్డాడు. లైఫ్‌బోట్ మాకు వీపు పెట్టి గోడల మధ్య నుంచి దూసుకుపోయింది. దానికి కుడివైపున ఎర్ర దీపం, ఎడమవైపున పచ్చ దీపం. ఎదురుగా తెల్లటి ఆకాశం తప్ప ఏమీ లేదు. ఫెర్గస్ జేబులోంచి కార్డు తీసి నా ముందు పెట్టాడు.

"ఇందులో తప్పేముంది? పడవ వెళ్తోంది."

"వస్తున్నట్టు వేశానయ్యా నేను."

"నువ్వు గట్టు మీదున్నావు, నీకు రావడమే కావాలి." సముద్రం వైపు తిరిగాడు. "నీళ్లలో నాకు ఇల్లు గుర్తు రాలేదు ఎల్స్పెత్. నువ్వు కూడా గుర్తు రాలేదు. పడవ బయలుదేరిందా, లేదా? అదొక్కటే అనుకుంటూ ఉన్నాను."

నేను గుర్తు రాలేదన్న మాటకు ఇంకో రోజైతే ఆ పూట తిండి పెట్టేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం అతని చేయి పట్టుకుని అందరిముందూ ఏడ్చాను. దేవుడా, నా చేతి తప్పును కూడా ఈ మనిషికి మందు చేశావా అనుకున్నాను.

చెడిపోయిన ఇంజనుతో కొట్టుకుపోతున్న చిన్న పడవను, అందులో వాంతులు చేసుకుని నీరసపడ్డ సెలవులకు వచ్చిన జంటను వెంటబెట్టుకుని వాళ్లు తిరిగొచ్చారు. గ్రెగర్ తాడు విసిరాడు. దాన్ని పట్టుకున్నది ఫెర్గస్. ఫిబ్రవరి తర్వాత అతను తాడు ముట్టుకోవడం అదే మొదలు. గ్రెగర్ గట్టెక్కి, బూట్ల వైపు చూసుకుంటూ, గాలి పడమటికి తిరిగిందని మొదలుపెట్టాడు.

"గాలి సంగతి తర్వాత," అన్నాడు ఫెర్గస్. "ఆ రోజు మీరు బయలుదేరారు."

గ్రెగర్ బూట్ల మీదనుంచి చూపు ఎత్తాడు. ఇద్దరి ఒంటి మీదా ఒకే బొమ్మ. "ఆఁ, బయలుదేరాం," అన్నాడు.

పలకను మళ్లీ చెక్కలేదు. ఆ కార్డును ఇప్పుడు ఎవరెవరో కొని, తమ కోసం పరుగెత్తి వచ్చిన నర్సులకూ, అంబులెన్స్ వాళ్లకూ పంపుతున్నారు. తప్పు చూపించడానికి ఆగే పెద్దమనుషులకు, అది వస్తున్న పడవ కాదండీ అని మాత్రం చెప్తాను.

పండుగ మర్నాడు పొద్దున్నే గ్రెగర్ కొట్టు నుంచి రొట్టె తేవడానికి సంచి తీసుకున్నాను. ఫెర్గస్ నా చేతిలోంచి సంచి లాక్కుని తనే వెళ్లాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. రొట్టె చల్లారిపోయింది, నేనేమీ అడగలేదు.