సర్దుకుపోని చేపలు

నేను ఒక చేపల తొట్టిని. తెనాలిలో ఒక అద్దాల కొట్టులో పలకలు అతికించి నన్ను తయారుచేశారు. నా ముందుకొచ్చేవాళ్ళు నన్ను చూడరు, నాలోకి చూస్తారు. అందుకని మనుషుల్ని తీరిగ్గా గమనించే భాగ్యం నాకు దక్కింది.

నన్ను కొన్నది పట్టాభిరామయ్యగారు. పెళ్ళి సంబంధాలు కుదర్చడం ఆయన వృత్తి. సంసారం ఇలా కళకళలాడాలని వచ్చినవాళ్ళకు చూపించడానికి నన్ను కొత్త ఆఫీసులో పెట్టించారు.

చేపలమ్మే వలీ ముందే చెప్పాడు. "నీళ్ళు పోసి, మందేసి ఓ నెల ఆగండి సార్. చేపల మలినంతో నీళ్ళలో విషం చేరిద్ది. దాన్ని తినే సూక్ష్మజీవులు పుట్టాలిగా."

"నెలా? ఎల్లుండి దశమి. ఆ పై వారమే మూఢం. మూఢంలో ప్రవేశమేమిటయ్యా?" అన్నారు పట్టాభిరామయ్యగారు.

గోల్డ్ ఫిష్‌లు తీసుకున్నారు. వాటికి తోడుగా ఎర్రటి ఫైటర్ చేపను చూపించారు. అది తోకలు కొరికేసిద్దని వలీ అంటే, "రంగులో రంగు కలిసింది. ఈడూ జోడూ బాగుంది. అవే సర్దుకుపోతాయి" అన్నారు. చెప్పడం వరకే తన బాధ్యత అనుకున్నాడేమో, వలీ అన్నీ సంచుల్లో కట్టిచ్చాడు.

దశమినాడు నాకు పసుపూ కుంకుమా పెట్టి చేపల్ని వదిలారు. త్వరలోనే నీళ్ళు మసకబారాయి. గోల్డ్ ఫిష్‌లు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఆడుకుంటున్నాయని పట్టాభిరామయ్యగారు అందరికీ చెప్పారు. ఫైటర్ ఒకదాని తోకను పీలికలు చేసింది. అది నా గోడకు ఆనుకుని వణుకుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఒంటినిండా నీళ్ళున్నదాని ఏడుపు ఎవరికి కనబడుతుంది?

అలాంటప్పుడు ఇందుమతి అనే అమ్మాయికి అక్కడే పెళ్ళిచూపులు పెట్టారు. మూఢం రాకముందే తాంబూలాలు పుచ్చుకోవాలని అబ్బాయి తల్లి తొందరపడుతోంది.

"మావాడికి కోపం కాస్త ఎక్కువే. అన్నం చల్లారితే కంచం విసిరేస్తాడు. మనసు మాత్రం వెన్న" అందామె ముచ్చటగా. అబ్బాయి మెచ్చుకోలు విన్నట్టు నవ్వాడు.

"కొత్తలో అలాగే ఉంటుందమ్మా. అమ్మాయే సర్దుకుపోతుంది" అన్నారు పట్టాభిరామయ్యగారు. ఇందుమతి తల్లి తలూపింది.

ఇందుమతి నా వైపు చూస్తోంది. "దీని తోక ఏమైందండీ?" అని అడిగింది.

"ఏం లేదమ్మా. అదీ కొత్తే కదా."

ఆయన మాట పూర్తికాకుండానే ఆ చేప పొట్ట పైకి తిప్పి తేలింది.

"సర్దుకుపోయిందండీ" అంది ఇందుమతి. అని లేచి నిలబడింది. "పద, అమ్మా."

తల్లి ఒకసారి చేపను చూసింది, ఒకసారి అబ్బాయిని చూసింది. చేతిసంచి అందుకుంది. నేను పుట్టాక సంతోషించింది ఆ ఒక్కరోజే.

మిగిలిన చేపలూ ఫైటర్‌తో సహా ఆ వారంలోనే పోయాయి. నన్ను ఆగ్నేయంలో పెట్టడమే దోషమని తేల్చి పట్టాభిరామయ్యగారు ఈశాన్యానికి జరిపించారు. ఈసారి నాలో ప్లాస్టిక్ చేపలు వేశారు. వచ్చినవాళ్ళకు వాటినే చూపించి, "ఒక్క పేచీ లేదు, చూశారా?" అంటారు.

నిజమే. ఊపిరి పీల్చే పనిలేనివాటికి పేచీ ఏముంటుంది?