తోడల్లుళ్ళ పాలరాయి

గోడ ఒకటే, రంగు వేసేది తోడల్లుళ్ళిద్దరు. బట్టల షాపు యజమాని తలుపుకి ఎదురుగా ఉన్న గోడని పాలరాయిలా కనబడేట్టు రంగు వెయ్యమన్నాడు. ఎడమ సగం పెద్దల్లుడికి, కుడి సగం చిన్నల్లుడికి అప్పజెప్పి, "ఎవరిది బాగుంటే పై అంతస్తుకి వాళ్ళే మేస్త్రి. రెండోవాళ్ళు వాళ్ళ కింద చెయ్యాలి" అన్నాడు.

చిన్నల్లుడికి బ్రష్షు పట్టడం నేర్పిందే పెద్దల్లుడు. వాడి కింద పనిచెయ్యడమా? పైగా పొద్దున క్యారేజీ సర్దుతూ భార్య, "చిన్నల్లుడు రంగేస్తే గోడకి రాయి పుడుతుందంటోంది మా అమ్మ" అంది.

"మరి నేనేస్తే?"

"మీరేస్తే గోడ గోడలాగే ఉంటుందట. తిన్నగా."

ఆ ముక్క మధ్యాహ్నం దాకా అతన్ని కెలుకుతూనే ఉంది. నిజానికి అతని చెయ్యి తిన్ననిదే. దారం పట్టకుండా గీసినా గీత వంకరపోదు. కానీ పాలరాతిలో పారే చార, ఆ నరం, అలా ఉండదు. ఎండాకాలం ఏటిపాయలాగా దారి వెతుక్కుంటూ పోయి, ఎక్కడో ఇంకిపోవాలి. అతని నరాలేమో కరెంటు తీగల్లా ఉన్నాయి. పక్కన చిన్నల్లుడు రంగులో ముంచిన కోడి ఈకని వేళ్ళ మధ్య దొర్లిస్తూ, ఈలవేస్తూ నరాలు లాగేస్తున్నాడు.

"ఈల ఆపరా, గోడమీద తుంపర్లు పడతాయి."

"పడనీ అన్నా. రాయికి మచ్చలుంటేనే అందం."

తిండివేళకి చిన్నల్లుడు చేతులు కడుక్కోడానికి వెనక కుళాయి దగ్గరికి పోయాడు. రంగు ఇంకా తడిగానే ఉంది. పెద్దల్లుడు అటూ ఇటూ చూశాడు. రంగు కరిగించే టర్పెంటైనులో నానిన గుడ్డ అందుకుని, "పుట్టించరా రాయి, పుట్టించు!" అని పళ్ళు కొరుకుతూ వాడి సగం నడిమధ్యన ఒక్క తుడుపు తుడిచాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు క్యారేజీ ముందు కూచున్నాడు.

టర్పెంటైను రంగులోకి మెల్లగా పాకింది. బూడిదరంగు పొగలా విచ్చుకుంది, గోడ లోపల ఇంకెంతో లోతున్నట్టు.

చిన్నల్లుడు తిరిగొచ్చాడు. వెనకే యజమాని వచ్చి సరిగ్గా ఆ తుడుపు దగ్గరే ఆగాడు. "ఇదయ్యా రాయంటే! చెయ్యి పెడితే చల్లగా తగిలేట్టుంది. గోడంతా ఇలాగే కావాలి. నువ్వేనయ్యా మేస్త్రివి!"

చిన్నల్లుడు తెల్లమొహం వేశాడు. గోడకేసి చూసి, బుర్ర గోక్కుని, "ఏదోనండీ, అలా కుదిరింది" అన్నాడు.

పెద్దల్లుడు ముద్ద క్యారేజీలోనే వదిలేసి లేచాడు. చెబితే పాడుబుద్ధి బయటపడుతుంది. చెప్పకపోతే తన చేతిపనితో వాడు మేస్త్రి అయిపోతాడు. పరువు పోయినా ఓర్చుకోగలడేమో గానీ, ఇది మాత్రం అతని వల్ల కాలేదు.

"కుదరడమేంట్రా? అది నాది! నీ గోడ చెడగొడదామని నేను తుడిచింది!"

యజమాని వ్యాపారస్తుడు. "ఎవరు ఎందుకు తుడిచారో నాకెందుకు? మళ్ళీ వస్తుందా?"

"ఎందుకు రాదు!"

పెద్దల్లుడు తన సగం మీద కొత్తగా రంగుపూసి తుడిచాడు. గేదె తోకతో కొట్టినట్టయింది. మళ్ళీ పూశాడు, మళ్ళీ తుడిచాడు. బురద.

"ఇందాక ఏమని తిట్టుకుంటూ తుడిచావన్నా?" అన్నాడు చిన్నల్లుడు.

"నీకెందుకు?"

"అదే మళ్ళీ తిట్టుకో. ఎటూ నన్నేగా."

తిట్టుకుందామనే చూశాడు. నిజం కక్కేశాక కడుపు తేలికైపోయింది, వెతికినా కుళ్ళు దొరకడంలేదు. యజమానికి ఓపిక నశించింది. చిన్నల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు రావయ్యా. లోపల కూచుని పై అంతస్తు సంగతి మాట్లాడుకుందాం. టీ తాగుతావా?" అన్నాడు. చిన్నల్లుడు తోడల్లుడికేసి ఓసారి చూసి, వెంట నడిచాడు.

పళ్ళు కొరుకుతున్న పెద్దల్లుడి చేతిలో గుడ్డ గోడమీదికి విసురుగా లేచింది. ఒక్కటే తుడుపు. బూడిదరంగు పొగలా విచ్చుకుంటూ, దారి వెతుక్కుంటూ పాకుతోంది.

"ఏమండీ! ఇటు రండి! వచ్చింది, చూడండి!" అని అరిచాడు.

లోపల్నించి కప్పుల చప్పుడు, చిన్నల్లుడి నవ్వు వినబడ్డాయి.