మొదటి స్థానంలో నేను ఆడని ఆట

లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం నాది. పగలంతా గ్రీజులో దొర్లి, సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఓ గంట వీడియో గేమ్ ఆడితే తప్ప నేను మనిషిని కాను. మా డిపోలో నాలాంటి పిచ్చోళ్లం నలుగురం ఉన్నాం. ఈ పదేళ్లలో ఎవరికి బాగా నచ్చిన పది ఆటల్ని వాళ్లు వరసపెట్టి గ్రూపులో పెట్టాలని పోయిన వారం అనుకున్నాం. మాలో పెద్దవాడు, మేం గుండు అని పిలిచేవాడు, ఓ మెలిక పెట్టాడు.

"నోటికొచ్చింది రాస్తే కుదరదు. ఏ ఆట ఎన్ని గంటలు ఆడామో మెషీన్ లెక్క రాసి పెడుతుంది కదా, ఆ పేజీ ఫొటో పెట్టండి. వరస అదే తేలుస్తుంది."

నాకేం భయం? నా మొదటి స్థానం కత్తుల కోట అనే ఆటది. దానికోసం నిద్ర మానేసినవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, ధీమాగా ఆ పేజీ తెరిచాను.

మొదటి స్థానంలో పొలం ఆట ఉంది. ఆరువందల పదకొండు గంటలు! కత్తుల కోట మూడువందల నలభైతో దాని కింద బిక్కమొహం వేసుకుని ఉంది.

పొలం ఆటా? ఆవులకి గడ్డి వేసి, విత్తనాలు చల్లి, ఊళ్లో వాళ్లతో కబుర్లు చెప్పుకునే ఆట అది. నేను మహా అయితే మూడు గంటలు ఆడి, పిల్లలాట అని పక్కన పడేశాను. మెషీన్ పాడైందేమో అనుకున్నాను. కానీ నేను మెకానిక్‌ని. లిఫ్టు తప్పు ఫ్లోర్లో ఆగిందంటే ఎవరో బటన్ నొక్కారనే అర్థం.

తేదీలు చూశాను. ఐదేళ్ల క్రితం, జూన్ నుంచి డిసెంబరు దాకా. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి మొదలు, సాయంత్రం లోపు ముగింపు. ఆదివారాలు లేవు. ఆ వేళప్పుడు నేను డ్యూటీలో ఉంటాను, మా ఆవిడ కొరియర్ ఆఫీసులో ఫిర్యాదుల సెక్షన్లో ఉంటుంది. ఇంటికి తాళం. మరి ఏడు నెలలు నా సోఫాలో కూర్చున్నదెవరు?

మా ఇద్దరి మధ్య దాపరికాల్లేవని పెళ్లయిన పన్నెండేళ్లుగా అందరికీ గొప్పగా చెప్పుకున్నవాణ్ణి. ఆ మాట ఇప్పుడు నిజమో కాదో తేల్చుకోవాలి.

మా బావమరిదికి ఫోన్ చేశాను. అప్పట్లో వాడి దగ్గరా ఓ తాళం చెవి ఉండేది.

"ఐదేళ్ల క్రితం పగటిపూట మా ఇంట్లో ఆటలాడావట్రా?"

"నాకెక్కడి తీరిక బావా? అప్పుడు ఉద్యోగం పోయి చెప్పులరిగేలా తిరుగుతున్నాను. అయినా అక్కనడుగు."

ఆ చివరి మాట ఏదో దాస్తున్నట్టు ఉంది. పెట్టేశాడు.

సరే, ఆటే తెరిచి చూద్దామనుకున్నాను. పొలం పచ్చగా ఉంది, ఆవులు పధ్నాలుగు. పక్కింట్లో ఓ ముసలావిడ. నేను పలకరిస్తే మొహం తిప్పుకుంది. కింద సూచన వచ్చింది: గుమ్మడికాయ ఇస్తే మాట్లాడుతుంది.

నాకు దిమ్మ తిరిగింది. గుమ్మడికాయ! ఆ రోజుల్లో మా ఆవిడ ఆఫీసు కబుర్లు తెగ చెప్పేది. పక్క సీటు ఆవిడకి గుమ్మడికాయంటే ప్రాణమనీ, అది ఇస్తే తప్ప పలకదనీ చెప్పింది. జాలిపడి నేనే మార్కెట్‌కి వెళ్లి, ఆరు కిలోల కాయ బండి మీద పెట్టుకుని తెచ్చాను. ఉత్తరాలు తారుమారు చేసే మేనేజరు, చేపలు పట్టడానికి సెలవు పెట్టే డ్రైవరు... ఆమె కబుర్లలోని వాళ్లంతా ఒక్కొక్కళ్లే తెర మీద ఎదురయ్యారు. వీళ్లని ఎలా దారికి తేవాలో నేను రోజూ సలహాలు కూడా ఇచ్చాను. ఎంత వెర్రివాణ్ణి!

వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ ఉతికిన బట్టలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. తెర చూసింది, నా మొహం చూసింది.

"తీసేశారు," అంది. "జూన్‌లో. డిసెంబరులో మళ్లీ పిలిచారు. అందాకా నా చీటీ డబ్బులే జీతమని తెచ్చాను."

"నాతో చెప్పలేదేం?" అన్నాను.

"మా తమ్ముడి ఉద్యోగం పోయినప్పుడు మీరేమన్నారో గుర్తుందా? చేతకానివాళ్లకే ఉద్యోగాలు పోతాయన్నారు. వాడి ఎదురుగానే, వాడి కంచంలో అన్నం ఉండగానే. అప్పటికి నన్ను తీసేసి రెండ్రోజులు."

అరవాలో, కాళ్లు పట్టుకోవాలో అర్థం కాలేదు. కోపం వచ్చింది, కానీ ఎవరి మీదో తేలడంలేదు. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ ఏడు నెలలూ నేను సాయంత్రం పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి, ఆ కబుర్లకోసం. అంతకుముందు ఫిర్యాదుల సెక్షన్ గురించి ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు, ఆ తర్వాతా అడగలేదు.

ఫోన్ మోగుతోంది. గ్రూపులో గుండు, 'ఫొటో ఏదిరా?' అని గోల. అది బోర్లా పెట్టాను.

"మొన్న ఆఫీసులో ఏం జరిగింది?" అన్నాను. ఇంకేం అడగాలో తోచక అడిగాను.

ఆమె బట్టలు సోఫా మీద పెట్టి, ఒక్కో చొక్కా మడతపెట్టసాగింది. "నిజం చెప్పనా, బాగుండేది చెప్పనా?"

"నిజమే చెప్పు."

"మళ్లీ మనుషుల్ని తగ్గిస్తున్నారు. మా సెక్షన్లో నలుగురిని. పేర్లు రేపు పొద్దున చెప్తారు."

"మరి నాకెప్పుడు చెప్దామనుకున్నావు?"

ఆమె ఇంకో చొక్కా అందుకుంది. చేతకానివాళ్లన్న ఆ పాత మాటే నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

"రేపు నేనే దింపుతాను," అన్నాను. "కాసేపు గేటు దగ్గరే ఉంటాను. నీ పేరుంటే తిన్నగా నా దగ్గరికొచ్చెయ్. నేను డ్యూటీకి వెళ్లాక చెప్పారంటే ఫోన్ చెయ్. ఏ లిఫ్టు మీదున్నా దిగి వచ్చేస్తాను."

ఆమె నా చొక్కా రెండుసార్లు మడతపెట్టి, మళ్లీ విప్పింది.

"చేస్తానో లేదో నాకే తెలీదండీ," అంది.