వెయిక్కో పోసిన సీసం

లూన్ పక్షి ఒడ్డెక్కి ఉండడం చూడగానే ఐలీ పొయ్యి ఆర్పేసి బయటికి వచ్చింది. చెరువులో మునిగి చేపలు పట్టే ఆ పక్షికి కాళ్లు తోక దగ్గర ఉంటాయి. నేల మీద నడవలేదు. గూటికి తప్ప ఒడ్డెక్కిందంటే జబ్బు చేసినట్టే.

చెల్లెలి కొడుకు రేనో దుప్పటి తెచ్చాడు.

"వెనక్కి జరుగు పెద్దమ్మా, కన్ను పొడుస్తుంది."

"పొడిచే ఓపికే ఉంటే దుప్పటి దేనికిరా?"

అది పొడవలేదు. ఊళ్లో పశువుల డాక్టరమ్మ బల్ల మీద పెట్టిన కాసేపటికే చచ్చిపోయింది. ఆమె దాని కడుపు కోసి చూసింది. గులకరాళ్ల మధ్య ఒక సీసపు గుండు ఉంది.

"గాలం మునగడానికి తాడుకి కట్టేది. రాయి అనుకుని మింగేస్తాయి. సీసం విషం, ఒక్కటి చాలు" అంది డాక్టరమ్మ.

గుండుకి ఒక పక్క గీత ఉంది. ఐలీ భర్త వెయిక్కో గుండ్లు పోసే అచ్చుకి చీలిక ఉండేది. వంటింటి పొయ్యి మీద సీసం కరిగించి అతను పోసిన ప్రతి గుండుకీ ఆ గీత పడేది. ఆకురాయితో అరగదియ్యమంటే, "నాదని తెలియొద్దూ?" అనేవాడు.

వెయిక్కో మార్చిలో పోయాడు. అంత్యక్రియల తరవాత చర్చిలో అందరికీ ఇచ్చే కాఫీ దగ్గర ఐలీ అతని గుండ్ల డబ్బా తెరిచి స్నేహితులకి తలా గుప్పెడు పంచింది. వీటితో చేపలు పడితే ఆయన పడవలో ఉన్నట్టే అని చెప్పింది.

"ఎప్పటిదో అయ్యుంటుందిలే" అన్నాడు రేనో, బండి నడుపుతూ.

"కావచ్చు. కొత్తగా పంచింది మాత్రం నేనేగా."

ఆ సాయంత్రం, చచ్చిపోయినదాని జోడు ఆడపక్షి పిల్లను వీపు మీద ఎక్కించుకుని చెరువు మధ్య నుంచి కూసింది. జవాబు కోసం ఆగింది. మళ్లీ కూసింది.

తెల్లవారాక ఐలీ ఖాళీ డబ్బా పట్టుకుని వెయిక్కో స్నేహితుడు అర్వో తలుపు కొట్టింది.

"మా కాఫీ వాసన మీ ఇంటిదాకా వచ్చిందా వదినా?"

ఆమె పక్షి సంగతి చెప్పింది. "ఆయన గుండ్లు ఇచ్చెయ్, అర్వో."

అర్వో నవ్వు ఆగిపోయింది. "ఇచ్చినవి ఎవరైనా తిరిగి అడుగుతారా? వాడివంటూ నా దగ్గర అవే ఉన్నాయి."

"నా దగ్గర అవీ లేవు."

అతను లోపలికి వెళ్లి వచ్చాడు. గుండ్లు డబ్బాలో పోశాడు. ఒకటి పిడికిట్లో ఉండిపోయింది.

"అది కూడా" అంది ఐలీ.

అతను పిడికిలి విప్పేదాకా ఆమె డబ్బా చాపి నిలబడింది.